మామ సెట్టు, అత్త బొట్టు

మా మేనమామ జూలూరుపాడులో మైకు పట్టుకుని "హలో" అంటే, భద్రాచలంలో గోదావరి అవతలి ఒడ్డున పడవవాళ్ళు "ఆఁ, వస్తున్నాం" అనేవారట. ఇది నా మాట కాదు, మామ మాట. నన్ను చెప్పమంటే ఆ పడవ వచ్చి దుకాణం ముందు ఆగిందని కూడా చెబుతాను. మా ఇంటావంటా అబద్ధాలు లేవు. నిజానికి కాస్త వాల్యూము పెంచుతాం, అంతే.

మామకు మైకు సెట్ల దుకాణం ఉండేది. పెళ్ళికి, పేరంటానికి, హరికథకు, తప్పిపోయిన గేదెకు, అన్నిటికీ మామ సెట్టే కిరాయికి వెళ్ళేది. ఆయన సెట్టు ప్రత్యేకత శుభ్రత. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన ధోవతిలా ఉండేది ఆ ధ్వని. పంతులుగారు మంత్రం మధ్యలో గుటక వేస్తే ఆ గుటక ఏ గొంతులో ఎంతదాకా దిగిందో ఊరవతల చేలో కలుపు తీసేవాళ్ళు చెప్పగలిగేవారు. మామ రాజ్యాంగంలో ఒకే ఒక్క అధికరణం: శబ్దం బొంగురు పోకూడదు. ఎవరినైనా బాగా తిట్టాలనుకుంటే "వాడో బొంగురుగాడు" అనేవాడు. ఆ మాట పడ్డవాళ్ళు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

ప్రతి పెట్టె మీదా తన పేరు తనే రాసుకునేవాడు. నీలం రంగు అక్షరాలు, తెల్ల అంచు, అటూ ఇటూ చెరో తామరపువ్వు. పేరు ముందు రాసి, మిగిలిన జాగాలో స్పీకరు బిగించేవాడేమో అనిపించేది.

ఇలాంటి మామకు నాలాంటి అల్లుడు దొరికాడు.

ఎనభైల్లో మాట. నేను ఖమ్మంలో డిగ్రీ పూర్తి చేసి వచ్చి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని మామ ఇంట్లో కూర్చున్నాను. దానికి అడ్రసు దొరకలేదు. ఈలోగా నా దగ్గరికి ఒక ఎలక్ట్రిక్ గిటారు చేరింది. ఖమ్మంలో ఒక బ్యాండుమేళం వాళ్ళు వదిలించుకున్న సరుకు. దాని తీగలకూ కర్రకూ మధ్య ఉన్న సందులోంచి ఉడుత తలవంచకుండా నడిచిపోగలదు. ఆ తీగలు నొక్కీ నొక్కీ నా వేళ్ళు ఎంత మొద్దుబారాయంటే, అత్త పొయ్యి మీది గిన్నెలు నన్నే దించమనేది.

నాకొక దోస్తు ఉండేవాడు. కొత్తగూడెం బొగ్గుగనుల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. వాడు సికింద్రాబాద్ నుంచి ఒక క్యాసెట్టు తెచ్చాడు. విదేశీ రాక్ పాటలు. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. పాట కన్నా గాలి ఎక్కువ. ఒక పాట మధ్యలో ఎవరింటిదో కుక్కరు విజిలు కూడా ఉంది. చాలా ఏళ్ళు అది పాటలో భాగమనే అనుకున్నాను. అయితే ఆ గాలి వెనక, ఆ విజిలు వెనక, ఒక గిటారు మోగింది. దాని సంగతి ఎలా చెప్పాలి? బెల్లం పాకం ఒక్క క్షణం ఎక్కువసేపు పొయ్యి మీద ఉండిపోయి, అడుగు మాడీ మాడకుండా, తీపికి చేదు అంచు తగిలే వాసన ఒకటి ఉంటుంది కదా. ఆ వాసనకు గొంతు వస్తే అలా ఉంటుంది. ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు. అంటే, రెండోసారి వడ్డించినప్పుడు సహించలేదు.

గిటారును ఇంట్లో రేడియోకు తగిలించాను. పరీక్ష తప్పిన దోమలా ఏడ్చింది. మామ కొత్తగా కొన్న ట్రాన్సిస్టరు సెట్టుకు తగిలించాను. ధోవతిలా మోగింది. వాల్యూము పెంచాను. ఇంకా తెల్లటి ధోవతి. మొత్తం తిప్పేశాను. పింగాణీ పళ్ళేల దొంతర బండ మీద పడ్డట్టు ఒక్కసారిగా భళ్ళున పగిలింది శబ్దం. మామ సగం గడ్డం గీసుకున్న ముఖంతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది బే అది? సెట్టు పలగ్గొడ్తవా?"

"లేదు మామా. బొంగురు రావాలె. వస్తలేదు."

"ఏం రావాలె?"

"బొంగురు."

బట్టల దుకాణానికి వచ్చి "చిరుగు మీటరు ఎంత?" అని అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. సబ్బు నురగ ఆయన చెంప మీదే ఎండిపోయింది.

పక్కనే ఉన్న దోస్తు కల్పించుకున్నాడు. "ట్రాన్సిస్టరుతోని గాదు మామా. దానికి కోపమొస్తే టప్పున తెగుతది. వాల్వు గట్ల గాదు. మెల్లగ కాగుతది, ఎర్రగైతది, గప్పుడు గుర్రుమంటది. వీనికి గావాల్సింది వాల్వుల సెట్టు."

వాల్వు అంటే గాజు బుడ్డి, దాని కడుపులో వెంట్రుకంత కుంపటి. పాతకాలం సెట్లన్నీ అవే. మామ దగ్గర అలాంటివి కొన్ని మూలన పడి ఉన్నాయి. సంత రోజున పాతసామాన్లవాడు వచ్చి తీసుకుపోవాలి.

"ఏరుకో," అన్నాడు మామ. "సంత లోపట ఒకటి ఏరుకో. గని ఒక్క మాట. దాని మీద నా పేరున్నది. నా పేరున్న పెట్టె నలుగుట్ల బొంగురు పోయిందో, మేనల్లుడు గీనల్లుడు అని సూడ."

"పేరు గీకేద్దాం మామా."

మామ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆయన్నే గీకుతానన్నట్టు. "పేరు గీకుతడంట," అన్నాడు లోపలికి వినపడేలా.

అదీ చిక్కు. నాకు బొంగురు కావాలి. ఆయనకు పేరు దక్కాలి. రెండూ ఒకే పెట్టె మీద ఉన్నాయి.

మొదటిది డేరా టాకీసువాళ్ళు వాడి వదిలేసిన సెట్టు. బీరువా కన్నా కాస్త పెద్దది, రైలింజను కన్నా కాస్త చిన్నది. దుకాణం వెనక గదిలో మిరపకాయ బస్తాల కింద ఉంది. ఆ గదిని మామ పక్క చేను రైతుకు కిరాయికి ఇచ్చాడు. మాది మిరప సీమ. మా దగ్గర దుమ్ము కూడా ఎర్రగానే ఉంటుంది. నలుగురం పట్టి దాన్ని వాకిట్లోకి దించి, దుమ్ము దులపకుండా, ఉత్సాహం కొద్దీ కరెంటు ఇచ్చాం.

వాల్వులు ఎర్రబడ్డాయి. వాటి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న మిరప పొడి వేగడం మొదలుపెట్టింది.

ముందు మామ తుమ్మాడు. తరువాత ఎదురు దుకాణం దర్జీ తుమ్మాడు. కుట్టు పక్కకు జారి, ఒక పెద్దమనిషి జేబు వీపు మీదికి వెళ్ళిపోయింది. హోటల్లో చాయ తాగేవాళ్ళు చాయను ముక్కుతో తాగారు. దగ్గు బస్టాండు చేరింది. భద్రాచలం బస్సు కండక్టరు విజిలు వేయబోతే విజిల్లోంచి కూడా దగ్గే వచ్చింది. బస్సు కదలలేదు. "ఎవలింట్ల పోపు మాడిందే తల్లీ!" అని గల్లీలోంచి ఒక ముసలమ్మ అరిచింది. ఊరంతా కొంగులూ కండువాలూ ముక్కులకు కట్టుకుని మా వాకిట్లోకి చూస్తుంటే, కన్నీళ్ళ మధ్య నేను గిటారు మీటాను.

ఏం లాభం? ధోవతే. మొత్తం తిప్పితే ఇంకా పెద్ద ధోవతి. పెంకులు లేచాయి, గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి, బొంగురు మాత్రం రాలేదు.

"గిది ఏనుగు రా," అన్నాడు దోస్తు ముక్కు తుడుచుకుంటూ. "ఎంత బరువేసినా మూలుగదు. మనకు మూలిగేది గావాలె. దీన్ని మూలిగించాల్నంటే ముందుగాల జిల్లా ఖాళీ జేయించాలె."

రెండోది బడి ప్రార్థనకు వాడిన చిన్న సెట్టు. అగ్గిపెట్టెకు అన్న. తీగ ముట్టుకోకముందే బొంగురు పోయింది. నా గుండె ఎగిరింది. తీరా వింటే అది ముక్కుతో పాడుతోంది, జలుబు చేసిన మేకలా. పైగా నేను రాగం అందుకున్న ప్రతిసారీ అందులోంచి "రైతు సోదరులారా" అని ఒక గొంతు వినపడేది. గాలిలో పోయే రేడియో మాటలు దానికి తగులుకుంటున్నాయి. కాసేపట్లో దుకాణం ముందు జనం కూర్చున్నారు. నా గిటారుకని పొంగిపోయాను. వాళ్ళలో వేంసూరు నుంచి వచ్చిన ఒక రైతు ఎంతో మర్యాదగా అన్నాడు:

"బాబూ, ఆ తీగలు మీటటం కాసేపు ఆపండి. వరిలో ఎలకల మందు గురించి చెబుతున్నారు."

ఆపాను. మందు పేరు అందరికీ అందింది. ఆ ఏడు మా చుట్టుపక్కల చచ్చిన ఎలుకల ఉసురులో నా సంగీతానికీ వాటా ఉంది.

ఇక మిగిలింది మూడోది. అది దుకాణంలో లేదు. ఇంట్లో, దేవుడి గూటి పక్కన ఉంది. మామ కొన్న మొట్టమొదటి వాల్వుల సెట్టు. ఆ రెండు పెట్టెలనూ చూసిన కళ్ళకు ఇది పొందికగా కనిపించింది. ఏనుగూ కాదు, మేకా కాదు, పాలిచ్చే బర్రెలా ఉంది. ముందు స్పీకరును కప్పే జాలి గుడ్డ, దాని కింద మామ పేరు, తామరపువ్వులు. మామ దాన్ని వాడటం మానేసి చాలా కాలమైంది.

"దాన్ని ముట్టకు," అన్నాడు. "గొంతు పోయింది దానికి. మనిషైతే దవాఖానాకు తోల్కపోదును. వానకు పోయిందనుకున్న. ఎలుకలు కొట్టినయనుకున్న. ఖమ్మం మెకానిక్కును అడిగితే స్పీకరు ముట్టనే లేదంటడు. బొంగురుగాడు! సంత కాంగనె తోల్కపోయి కొత్త కాగితం ఏపిస్త."

స్పీకరులో గరాటులా గుండ్రంగా ఉండే కాగితం గురించి ఆయన మాట. అదే ఊగి శబ్దం పుట్టిస్తుంది.

సంత రోజు రానే వచ్చింది. పాతసామాన్లవాడు బండి ఆపి అరుగు మీద కూర్చున్నాడు. ఏనుగునూ మేకనూ బండెక్కించారు. నేను దేవుడి గూటి ముందు నిలబడి చేతులు జోడించాను. దేవుడు గూట్లోంచి పలకలేదు, వంటింట్లోంచి పలికాడు.

"పోరడు మొక్కుతుండు గదయ్యా," అంది అత్త బియ్యం చెరుగుతూ. "ఒక్కపారి మోగనీ. అరిగిపోతదా?"

కరెంటు ఇచ్చాం. వాల్వులు నెమ్మదిగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు, ఒకదాని తరువాత ఒకటి ఎర్రబడ్డాయి. నేను లావు తీగ ఒక్కటి మీటాను.

పాకం మాడింది.

ఇల్లంతా మాడిన బెల్లం. తీగ వదిలేసినా ఆ శబ్దం పోలేదు. గదిలో ఒక పెద్ద పిల్లి ఒళ్ళు విరుచుకుని, గుర్రుమంటూ, అందరి కాళ్ళకూ రాసుకుంటూ తిరిగింది. అత్త చేతిలో చేట గాల్లో ఆగింది. దోస్తు గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. మిరప పొడి వల్ల అని చెప్పాను.

"ఇన్నరా, ఎంత బొంగురో!" అన్నాడు మామ విజయంతో.

"ఇదే మామా. ఇదే నాకు గావాల్సింది."

కారణం ఏమిటో చూద్దామని దోస్తు జాలి గుడ్డ మేకులు ఊడదీశాడు. గుడ్డ వాడి చేతి నుంచి తనంతట తనే ఊడొచ్చింది, ఏడాదికోసారి విప్పి బిగించే అలవాటున్నట్టు. లోపల నల్లగా ఉండాల్సిన కాగితం బంగారంలా మెరుస్తోంది. పసుపు. పొర మీద పొర, వేలిముద్ర మీద వేలిముద్ర, మధ్యమధ్య కుంకుమ. ఎండకు ఎండిన చెరువు మన్నులా నెర్రెలు విచ్చి ఉంది.

ముగ్గురం మెల్లగా అత్త వైపు తిరిగాం.

"ఏంది గట్ల సూస్తరు?" అంది అత్త. "బొట్టు పెట్టిన."

"దేని మీద పెట్టినవే?" మామ గొంతు అప్పటికే కొంచెం బొంగురు పోయింది.

"పెట్టె మీదనే. దసరాకు సామాన్లన్నిటికి బొట్టు పెట్టమన్నది నువ్వే గద."

"పెట్టెకంటే పెట్టెకు! కట్టె మీద! కాగితం మీద ఎవరు పెట్టుమన్నరు?"

"కట్టె దాని ఒళ్ళు. మాట్లాడేది గా గుండ్రంది గదా. ముఖమిడిసిపెట్టి వీపుకు పెడ్తరా బొట్టు?"



అత్త బొట్టు గురించి మీకు తెలియదు. ఆమె బొటనవేలు చిన్నప్పటి నుంచి పిడకల మీద తయారైంది. మా అత్త బొట్టు పెడితే నుదుటితోపాటు వెనక గోడ కూడా పచ్చబడేది. పెళ్ళికొడుకులు ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకునేవారు. అలాంటి వేలు, తడి పసుపుతో, దసరా దసరాకూ భక్తిగా, ప్రేమగా ఆ లేత కాగితం మీద నొక్కింది. కాగితం నాని, ఎండి, మళ్ళీ నాని, గొంతు రాసుకుపోయింది. ఆ పండుగల తరువాత మామ వానను తిట్టాడు, ఎలుకలను తిట్టాడు, ఖమ్మం మెకానిక్కును వాడి తాతల వరకూ తిట్టాడు.

మామ వెళ్ళి తడి గుడ్డ తెచ్చాడు.

"ఏం జేస్తవ్?" అంది అత్త.

"తుడుస్త."

"ఏంది తుడిసేది?"

"పసుపు."

అత్త చేట కింద పెట్టింది. కొంగు నడుముకు దోపి, పెట్టెకూ మామకూ మధ్య వచ్చి నిలబడింది. "అది పసుపు గాదయ్యా. బొట్టు. పండుగనాడు నీ దుకాణం సల్లగుండాలె, నువ్వు సల్లగుండాలె అని పెట్టిన. చెరుపుతవా? చెరుపు మరి. నీ చేత్తోటి నువ్వే చెరుపు, సూస్త."

గుడ్డలోంచి నీళ్ళు ఆయన పాదాల మీద కారుతున్నాయి. మా మామ కరెంటు తీగలు పళ్ళతో తొక్క తీసిన మనిషి. ఉరుములో స్తంభమెక్కిన మనిషి. అప్పుడు ఆయన చెయ్యి ముందుకు రాలేదు.

"తుడవను. కాగితమే మార్పిస్త."

"మార్పించి, బొట్టున్న కాగితం ఏడ బారేస్తవ్?"

మామ ఆశగా అరుగు వైపు చూశాడు. పాతసామాన్లవాడు అప్పటికే లేచి ఎడ్లను అదిలిస్తున్నాడు. "అన్నా, బొట్టున్న సామాను నేను కొన. నా ఇంట్ల గూడ ఆడమనిషున్నది," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మామ తడి గుడ్డ తన తల మీద వేసుకుని కూలబడ్డాడు. చివరికి తీర్పు చెప్పాడు. ఆ వారంలో అడవి అంచు పల్లెలో కోయవాళ్ళ కొత్త పంట పండుగ ఉంది. సెట్టు మాదే. అక్కడికి ఈ పెట్టెను కూడా తీసుకెళ్ళి నన్ను వాయించమన్నాడు.

"నలుగురు ఇంటరు. ఒక్కడంటే ఒక్కడు వచ్చి 'ఎవరిది గీ సెట్టు' అని అడిగిండో, గంతే. నా పేరు పోయినట్టే లెక్క. కాగితం మార్పిస్త. పాపమొస్తే నాకే రానీ."

"ఒక్కరు గూడ అడగకపోతే?" అంది అత్త.

"అడగకపోతే సూద్దాం."

అత్త కూడా మాతో బయలుదేరింది. ట్రాక్టరు ట్రాలీలో ముందు జనరేటరు, దాని వెనక మామ కొత్త సెట్టు, గొట్టాలు, వైర్ల చుట్టలు, చివర అత్త. పాత చీరలో చుట్టిన పెట్టెను బాలింతరాలిని తీసుకెళ్ళినట్టు ఆనుకుని కూర్చుంది. ఇప్పచెట్లు దాటి, వాగు దాటి, ప్రతి గుంత దగ్గరా "మెల్లగ తోలు బిడ్డా" అని డ్రైవరును హెచ్చరిస్తూ వచ్చింది. ఆ దారిలో ఉన్నవి గుంతలు కావు, గుంతల మధ్య అక్కడక్కడా కొంచెం దారి ఉండేది.

మధ్యాహ్నం మామ సెట్టు పల్లెలో వెలిగిపోయింది. ఊరి పెద్ద కోయ భాషలో మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క అక్షరం బొంగురు పోలేదు. ఎవరి మేకో ఎవరి చేలోనో పడిందని చెప్పారు. ఆ మేక కూడా విని బయటికి వచ్చిందని మామ తరువాత చాలామందికి చెప్పాడు. ఎండ చల్లబడ్డాక నా వంతు వచ్చింది.

నేను తీగలు సరిచేసుకుంటుంటే మామ వచ్చి పెట్టె చుట్టూ తిరిగాడు. భుజం మీది కండువా తీసి, దులిపి, ఏదో ఆలోచిస్తున్నట్టు పెట్టె ముందు వేలాడదీశాడు. సరిగ్గా పేరు మీద. తామరపువ్వులు కూడా కనపడలేదు.

"దుమ్ము పడ్తదని," అన్నాడు నా ముఖం చూడకుండా.

నాకు పూర్తిగా వచ్చిన పాట ఒక్కటే, అదీ మధ్యలో నుంచి. మధ్యలో నుంచే మొదలుపెట్టాను. మొదటి గుర్రుకు కుక్కలు పారిపోయాయి. కోళ్ళు ఎగరడం వచ్చినట్టు ఎగిరాయి. తల్లి చంకలో పిల్లవాడు ఏడవబోయి, ఇంతకన్నా గట్టిగా ఏడవలేనని తెలుసుకుని ఊరుకున్నాడు. ఆ తరువాత ఎవరూ కదలలేదు. పెద్ద డోళ్ళు మెడకు వేసుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మామ కొత్త సెట్టు పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

డోళ్ళవాళ్ళలో ఒకాయన, ఈ జంతువు కరుస్తుందో లేదో చూద్దామన్నట్టు, ఒక్క దెబ్బ వేశాడు. నేను తీగతో జవాబిచ్చాను. ఇంకో దెబ్బ వేశాడు. ఇంకో జవాబు. తరువాత ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో తెలియలేదు. డోళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని వరుస కట్టారు. కాళ్ళ గజ్జెలు కూడా ఆ బొంగురులో కలిసి బొంగురుగానే మోగాయి. నేను తీగను గట్టిగా మీటినప్పుడల్లా పెట్టె జాలి గుడ్డలోంచి పసుపు దుమ్ము చిన్న పొగలా లేచి ఎండలో మెరిసింది. దసరాలన్నీ ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. అత్త రెండు చేతులూ జోడించింది. దోస్తు వాల్వులకు చాలా దగ్గరగా కూర్చుని, బొగ్గు పొయ్యి దగ్గర కాచుకున్నట్టు కాచుకుంటున్నాడు.

పాట అయిపోయింది. అంటే, నాకు వచ్చింది అయిపోయింది.

ఊరి పెద్ద జనంలోంచి లేచి, చేతికర్ర ఆనించుకుంటూ, నా వైపు రాకుండా నేరుగా మామ దగ్గరికి నడిచాడు. అత్త జోడించిన చేతులు విడదీయలేదు.

"ఎవరిది గీ సెట్టు?" అన్నాడు.

అవే మాటలు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. నా పాకం నేలపాలైందనుకున్నాను.

మామ నన్ను చూశాడు. కండువాను చూశాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. "నాది గాదు," అన్నాడు. "మా అల్లునిది."

ఆ తొందరలో ఆయన చేతిలో మైకున్న సంగతి మరిచిపోయాడు. అది కొత్త సెట్టు మైకు, ఉతికి ఇస్త్రీ చేసిన ధోవతి. నాది గాదు, మా అల్లునిది. మాట మాటా గొట్టాల్లోంచి వెళ్ళి, వాగు దాటి, అవతలి గుట్టకు తగిలి, ఏమీ చెడకుండా మళ్ళీ వచ్చింది. గోదావరి పడవవాళ్ళు కూడా వినే ఉంటారు.

ఊరి పెద్ద తలూపాడు. "మంచిగున్నది. నీ సెట్టు మాట చెప్పనీకి మంచిది. గిది ఆడనీకి మంచిది. వచ్చే పండక్కి రెండూ తీస్కరా."

మామ ముఖంలో రంగులు మారడం నేను చూశాను. ముందు తెల్లబోయింది, తరువాత ఎర్రబడింది, చివరికి వాల్వులా వెలిగింది. మైకు కింద పెట్టాడు. నాలుగంగల్లో పెట్టె దగ్గరికి వచ్చి కండువా లాగేశాడు.

"ఏందంటే పెద్దాయనా, అట్లన్న గని, పెట్టె అసలుకు నాదే. పేరు సూడు. నేనే రాసిన."

"గిప్పుడే అల్లునిదంటివి గద," అన్నాడు ఊరి పెద్ద అయోమయంగా. "అందరం ఇంటిమి."

"అవ్, అందరం ఇన్నం," అంది అత్త. "మైకుల ఇన్నం."

"నువ్వూకోయే. నేనన్న మాట యాదికున్నదా? అడిగిండు గద ఎవరిదని? కాగితం మార్పియ్యాలె ఇగ."

"ఎవరి పెట్టెకు మార్పిస్తవ్?" అత్త కండువా అందుకుని, మడిచి, మామ భుజం మీద వేసింది. "నీది గాదంటివి. పేరు నీది, పెట్టె అల్లునిది. అడుగు వాన్ని, మార్పిచ్చుకుంటడో లేదో."

మామ నా వైపు తిరిగాడు. నేను వద్దన్నట్టు తలూపాను. మెడ నొప్పి పుట్టేదాకా ఊపాను.

తిరుగు దారిలో వాగు దగ్గర ట్రాలీ ఒక పెద్ద గుంతలో పడితే, అత్త కన్నా ముందు మామ చెయ్యే పెట్టె మీద పడింది. జూలూరుపాడు దీపాలు కనపడ్డాక నా వైపు చూడకుండా అన్నాడు:

"లావు తీగ జర మెల్లగ మీటు. కాగితం పాతది."

ఆ తరువాత నన్ను వెతుక్కుంటున్న ఉద్యోగానికి ఎట్టకేలకు అడ్రసు దొరికి, తొంభైల్లో ఖమ్మం చేరాను. పెట్టె నాతోనే వచ్చింది. గిటారు బాగుపడింది, అంటే వేరేది కొన్నాను. ఆ ధ్వని విన్నవాళ్ళు ఇది ఏ దేశపు సెట్టని అడిగేవారు. జూలూరుపాడు సరుకు అంటే నవ్వేవారు. దసరాకు అత్త పొద్దున బస్సుకే దిగేది. గుడ్డ విప్పేది, బొటనవేలు పసుపులో ముంచేది. నొక్కే ముందు నన్ను అడిగేది: "ఇంక జర బొంగురు గావాల్నా బిడ్డా, సాలా?"

మామ ఆమె వెనకే వచ్చేవాడు. చాయ తాగేవాడు. కుర్చీ లాక్కుని పెట్టెకు ఎదురుగా కూర్చునేవాడు. భుజం మీది కండువా తీసి, దులిపి, తన పేరు మీద జాగ్రత్తగా కప్పేవాడు. తామరపువ్వులు కూడా కనపడకుండా సర్ది, కుర్చీలో వెనక్కి వాలేవాడు.

"ఆఁ. ఇగ వాయించు."